పడని ఉస్తాద్

ఎదుటివాళ్ళ సంగతి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. మా ఆయన దీన్ని జబ్బంటారు, నేను జిజ్ఞాస అంటాను. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, రెండు మాటల్లో మంచిది ఎన్నుకునే హక్కు నాకు ఉంది.

పేట్ బషీరాబాద్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాలు సరిగ్గా మా బాల్కనీకి ఎదురుగా ఉంటుంది. హాలుకి మా వైపు గోడంతా కిటికీలే. సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీ వేసుకుంటే లోపల ఏం జరుగుతోందో చక్కగా కనిపిస్తుంది. అక్కడ అదీబ్ సార్ పిల్లలకి జూడో నేర్పుతారు. నీలం మ్యాట్లు పరిచి, తెల్లబట్టల పిల్లల్ని జతలు జతలుగా కలబడమని వదిలి, తను నడుం మీద చేతులు పెట్టుకుని మధ్యలో తిరుగుతూ ఉంటారు.

అదీబ్ సార్‌ది ఇరాక్‌లో బస్రా. ఇరవయ్యో ఏట ఇంజనీరింగు చదవడానికి హైదరాబాదు వచ్చి, ఇక్కడే ఉండిపోయి, శామీర్‌పేట అమ్మాయి జమీలాని పెళ్ళి చేసుకుని, ఇప్పుడు మేడ్చల్‌లో క్రేన్లు తయారుచేసే వర్క్‌షాపులో పెద్ద ఇంజనీరుగా ఉన్నారు. ఫ్యాక్టరీ కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతూ టన్నులకొద్దీ ఇనుము మోసే క్రేన్లు అవి. తెలుగు ఆయనకి అక్కడి వెల్డర్లూ ఫిట్టర్లూ నేర్పారు. బాపట్ల నుంచి వచ్చి పాతికేళ్ళయినా నా నాలుక మీద తిరగని యాస ఆయన నాలుక మీద హాయిగా తిరుగుతుంది. పచ్చగా, పొడుగ్గా, గద్దముక్కుతో ఉన్న ఆ మనిషి నోట మొదటిసారి "గీ పోరలు మస్తు పరేషాన్ జేస్తున్నరు టీచరమ్మా" అని విన్నప్పుడు నా గ్లాసులో కాఫీ తొణికింది.

బాల్కనీలోంచి చూడగా చూడగా నాకో వింత కనిపించింది. అదీబ్ సార్ పిల్లల్ని పడేస్తారు. ఎలా పడాలో తనంతట తాను వెనక్కీ పక్కకీ పడి చూపిస్తారు. కానీ ఎవరి చేతిలోనూ పడరు. బహదూర్‌పల్లిలో మా తోడికోడలి మనవడు వెళ్ళే క్లాసులో అలా కాదు. అక్కడి కోచ్ ఆరేళ్ళ పిల్లల చేతిలో కూడా దబ్బున పడి, "అమ్మో, నా నడుం" అని మూలుగుతాట్ట. పిల్లలకి ఎంత సంబరం! ఈయన దగ్గర ఆ ముచ్చటే లేదు. పెద్దపిల్లలు ఎవరైనా ధైర్యం చేసి ఆయన కాలరు పట్టుకోబోతే నవ్వుతూ పక్కకి తప్పుకుంటారు.

పొగరు అన్నారు పిల్లల తల్లులు. వెన్నులో ఇనుప రాడ్డు వేశారంది వాచ్‌మన్ భార్య ఈదమ్మ. మా ఆయన యజ్ఞనారాయణ గారు బ్యాంకు మేనేజరుగా రిటైరై కాలనీ సంఘానికి అధ్యక్షులయ్యారు కనుక, ఆయన ఇంకాస్త ముందుకెళ్ళి తీర్పే చెప్పేశారు. "ఆయనకి జూడో రాదు సీతా. వస్తే మూడు నెలలకోసారి పరీక్ష పెట్టి పసుపు బెల్టో నారింజ బెల్టో ఇవ్వడూ? అందరూ ఇస్తున్నారుగా!" నాకు ఈ మూడింట్లో ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. అసలు సంగతి తెలియక కడుపు ఉబ్బిపోయేది.

పడటం గురించి నాకంత పట్టింపు ఎందుకంటే, నేనూ ఒకసారి పడ్డాను. మా గేటు ముందు తడి ర్యాంపు మీద జారి, పడుతూ పడుతూ చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది. ఎముక అతికింది, ధైర్యం అతకలేదు. అప్పట్నుంచి మా ఆయన భుజం పట్టుకోకుండా వీధిలోకి వెళ్ళడం మానేశాను. బడిలో నాలుగు వందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టినదాన్ని, ఇంట్లో కూడా గోడ తడుముకుంటూ నడిచేదాన్ని. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే కయ్యిమని లేచేదాన్ని.

ఒకరోజు హాలు తాళాలు ఇవ్వాల్సి వచ్చింది. మా ఆయన ఊళ్ళో లేరు. మెట్ల పిట్టగోడ పట్టుకుని, గేటు పట్టుకుని, హాలు తలుపు పట్టుకుని ఎలాగో చేరాను. అదీబ్ సార్ తాళాలు తీసుకోలేదు. నా నడక చూస్తూ నిలబడ్డారు.

"పడ్డప్పుడు చెయ్యి పెట్టిన్రు గదా టీచరమ్మా?"

"మీకెవరు చెప్పారు?"

"ఎవలు జెప్పాలె? అందరు గదే జేస్తరు." కూర్చోమని స్టూలు వేశారు. "మా క్రేనుకు బ్రేకు ఎట్లుంటదో తెలుసునా? కరెంటు ఉన్నంతసేపు బ్రేకు తెరుచుకోని ఉంటది. కరెంటు పోయిందనుకో, స్ప్రింగు గట్టిగ పట్టుకుంటది. బరువు ఎక్కడిదక్కడ్నే నిలబడ్తది, కింద ఉన్నోడు బతుకుతడు. మనిషిని దేవుడు ఉల్టా తయారు జేసిండు. భయమైతె బిగుసుకుంటడు, బిగుసుకున్నకాడ్నే ఇరుగుతడు."

నా వయసులో ఇంజనీరింగు పాఠం వినడం అదే మొదలు. అర్థమైంది కూడా. "అయితే బిగుసుకోకుండా పడటం నాకు నేర్పగలరా?" అని అడిగేశాను. అడిగాక భయం వేసింది.

ఆయన నవ్వలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "నేర్పుత. నాకు తెలుగు చదువుడు నేర్పుతరా?" అన్నారు. "క్రేన్ల మీద జాగ్రత్తలు తెలుగుల రాస్తం. రాసినోడు ఏం రాసిండో నాకు తెల్వది, కింద సంతకం మాత్రం నాదే. దినాం భయమే."

అలా కుదిరింది మా బేరం. పిల్లలు వెళ్ళిపోయాక ఆయన పలక పట్టుకుని కూర్చునేవారు, తర్వాత నేను మ్యాట్ మీద కూర్చునేదాన్ని. నాకు సాయం పట్టడానికి ఆయన కూతురు సుమేరా ఉండేది. గడ్డం రొమ్ముకి ఆనించు, వీపు గుండ్రంగా చెయ్యి, చేత్తో నేలని పట్టుకోకు, చెయ్యంతా చాపి మ్యాట్‌ని కొట్టు. ఇంతే పాఠం. మొదట్లో నేను పడుకున్నచోటే పడుకుని చెయ్యి కొట్టేదాన్ని. తర్వాత కూర్చుని వెనక్కి. తర్వాత గొంతుక్కూర్చుని. ఆ తర్వాత సుమేరా నా చీరకొంగుని బొడ్లో దోపి, వాళ్ళమ్మ సల్వారొకటి తెచ్చి తొడిగింది. నిలబడి మెల్లగా నా అంతట నేను వెనక్కి ఒరగడం దాకా వచ్చాను. ఎవరైనా నన్ను పడేయడం మాత్రం ఒప్పుకోలేదు. ఆ మాటంటేనే మణికట్టు సలిపేది.

"జనం యోగాకి వెళతారు, భజనకి వెళతారు. పడటానికి వెళ్ళేదాన్ని నిన్నే చూశాను," అనేవారు మా ఆయన.

అదీబ్ సార్ మాత్రం నాకంటే జోరుగా ముందుకెళ్ళారు. మేడ్చల్ నుంచి కొంపల్లి దాకా దారి పొడుగునా కొట్ల బోర్డులు చదువుకుంటూ వచ్చేవారు. హాల్లోకి అడుగుపెట్టడమే "ఇడ్లీ పిండి దొరుకును!" అని గెలిచినట్టు కేకేసేవారు. యాభై దాటిన మనిషి పలక మీద ఒత్తు సరిగ్గా పడలేదని నాలుక కరుచుకుంటుంటే నాకు ముచ్చటేసేది. ముచ్చటతో పాటు ఆ ప్రశ్న కూడా నాలుక చివరికి వచ్చేది. ఒకరోజు అడిగేశాను.

"మీరెందుకు ఎవరి చేతిలోనూ పడరు?"

పలక తుడుస్తూ, "టైము రాలే టీచరమ్మా," అన్నారు. ఇంకో మాట లేదు.

సుమేరా దగ్గర మాత్రం మాట దొరికింది. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు. రాష్ట్రస్థాయిలో పతకాలు గెలిచింది. కోచ్ శిక్షణకి పంజాబ్‌లో సీటు వచ్చింది, నెల తిరిగేసరికి వెళ్ళిపోవాలి. నా వీపు కింద చెయ్యి వేసి లేపుతూ, ఉన్నట్టుండి అంది.

"అందర్నీ పడేసిన ఆంటీ. మా అబ్బాను ఒక్కసారి గూడ పడేయనియ్యలే. పతకం తెస్తె శభాష్ అంటడు. ఎదురుంగ నిలబడితె పక్కకు జరుగుతడు. రేపు నేను పోరలకు నేర్పాలె గదా. నాకు వచ్చిందని మా అబ్బా అనుకుంటుండో లేదో నాకు తెల్వది. పోయే ముందల ఒక్కసారి నా చేతుల పడితె చాలు. గంతే అడిగిన. ఇగ రెండు దినాల సంది మాట్లాడ్తలేడు."

ఆ పిల్ల గొంతు వణకలేదు. అందుకే నాకు మరీ బాధనిపించింది. చిన్నప్పట్నుంచీ ఆ తండ్రి చేతిలో పడి, లేచి, పడి పెద్దదైన పిల్ల అడిగింది ఒక్కటంటే ఒక్కటి. దానికి కూడా ఈ మనిషి అడ్డం తిరుగుతాడా!

నా నోట్లో నువ్వుగింజ నానదు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు. మొహం వెలిగిపోయింది. "ఓస్ ఇంతేనా! ఇది నాకొదిలెయ్" అన్నారు.

కాలనీ సంఘం అధ్యక్షులకి ఏదైనా వదిలేస్తే ఏమవుతుందో నాకు ముందే తెలిసి ఉండాల్సింది. వార్షికోత్సవం నాటి సాయంత్రం గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. ఒకవైపు అదీబ్ సార్ ఫోటో, మరోవైపు సుమేరా ఫోటో, నడుమ మంటలు. కింద పెద్ద అక్షరాలు: "తండ్రిని పడగొట్టనున్న తనయ! నేడే! తప్పక తిలకించండి!" మూల చిన్నగా మా ఆయన ఫోటో కూడా, చేతులు జోడించుకుని.

అదీబ్ సార్ స్కూటరు దిగారు. సుమేరా అప్పటికే హాల్లో పిల్లల్ని తయారుచేస్తోంది. పిల్లల ప్రదర్శన ఉందని మాత్రమే ఆయనకి చెప్పారట. ఫ్లెక్సీ ముందు ఆగి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టారు. బాల్కనీలోంచి చూస్తున్న నాకు ఛాతీ పొంగింది. నా శిష్యుడు సంయుక్తాక్షరాలు కూడా తడుముకోకుండా చదివేస్తున్నాడు! చివరి మాట దాకా చదివి ఆయన అలాగే నిలబడిపోయారు. అప్పుడు గానీ ఆయన మొహం ఎలా మాడిపోయిందో నేను గమనించలేదు.

అయినా స్టేజీ ఎక్కారు, పిలిచినవాళ్ళని అవమానించకూడదని కాబోలు. శాలువా కప్పితే కప్పించుకున్నారు. మా ఆయన మైకులో "ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న ఘట్టం" అనగానే మ్యాట్లు పరిచారు. సుమేరా తెల్లబట్టల్లో వచ్చి నిలబడింది. నాన్న ఒప్పుకున్నాడని ఆ పిల్లకి చెప్పారట, ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు. దాని కళ్ళు చూడాలి, దీపాల్లా ఉన్నాయి.

అదీబ్ సార్ మైకు అందుకున్నారు. "మాఫ్ చెయ్యిండ్రి," అన్నారు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి, ఎటూ చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయారు. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. "బిడ్డకు భయపడ్డడు రో!" అని నవ్వు లేచింది. అంత పెద్ద స్టేజీ మీద సుమేరా ఒక్కత్తే ఉండిపోయింది.

మర్నాటి నుంచి క్లాసు లేదు. హాలు తాళాలు మా మేకుకే వేలాడుతున్నాయి. మా ఆయన రెండు పూటలా అన్నం సగం వదిలేశారు. పశ్చాత్తాపం అన్న మాట ఆయన ఒప్పుకోరు గానీ ఆకలి లేదంటారు. నేను దెప్పలేదు, ఎందుకంటే నోరు జారింది నేనే. ఆదివారం సుమేరా రైలెక్కుతుందని తెలిసి, శనివారం పొద్దున్నే "కారు తియ్యండి, శామీర్‌పేట వెళదాం" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

అదీబ్ సార్ వాళ్ళు ఉండేది అక్కడే, ఊరి చివర జమీలా పుట్టింటివాళ్ళ పాత ఇంట్లో. ముందు వాకిలి, వెనక జామచెట్లు, పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో అరిగిపోయిన మ్యాట్లు పరిచి ఉన్నాయి, సుమేరా చిన్నప్పుడు అక్కడే నేర్చుకుందట. అదీబ్ సార్ ఆ షెడ్డు గట్టు మీద కూర్చుని బోరు మోటారు విప్పి ముందేసుకున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రా అక్కా, లోపలికి రా. సార్, కూసోండ్రి," అంటూ జమీలా మంచం వాల్చింది. మనిషి సన్నగా, చురుగ్గా ఉంది. "శెప్పు అక్కా, నువ్వన్న శెప్పు. బాపు ఇటు మూతి తిప్పుకుంటడు, బిడ్డ అటు తిప్పుకుంటది. నడుమ నేను సచ్చిపోతున్న."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "నాదే పొరపాటండీ. మిమ్మల్ని అడక్కుండా అలా వేయించకూడదు."

"మీ తప్పు గాదు సార్. మీకు తెల్వదు," అన్నారు అదీబ్ సార్.

"మాకు తెలియదనే కదా వచ్చాం, చెప్పండి," అన్నాను నేను. పరామర్శకి వచ్చినవాళ్ళు అడగాల్సిన తీరు అది కాదు. కానీ నాకు వేరే తీరు రాదు.

ఆయన చాలాసేపు చేతికంటిన గ్రీజు తుడుచుకున్నారు. తర్వాత నా వైపు చూడకుండా, మోటారుకి చెబుతున్నట్టు చెప్పారు.

"బస్రల మా ఉస్తాద్ పేరు రషీద్. పగటీలి రేవుల క్రేను నడుపుతుండె, సాయంత్రం మాకు నేర్పుతుండె. నేను ఇంజనీరు గావాలనుకున్నది గూడ ఆయన్ను జూసే. ఆయన తాలీంల, మన బడి లెక్కనే, బెల్టులు లేవు, పరీక్షలు లేవు. ఒక్కటే కాయిదా. ఉస్తాద్ శాగిర్దు చేతుల, అంటె శిష్యుని చేతుల, పడడు. శాగిర్దు పూరా తయారైండని అనుకున్ననాడు అందరి ముందల పడ్తడు. ఒక్కసారి. గదే సర్టిఫికెటు. ఆ దినం సంది వాడు గూడ ఉస్తాదే. వాడు ఇంకొకని కోసం పడొచ్చు."

"మరి మీ కోసం ఆయన…"

"నేను హైదరాబాద్ వచ్చే ముందల అడిగిన. చదువుకోని వస్తవు గద, అప్పుడు పడ్త అన్నడు. నేను వచ్చిన ఏడాదే లడాయి అయింది. పోదామంటె తొవ్వ లేదు. ఫోన్లు కలవలే. ఆయన ఉన్నడో పోయిండో గూడ శానేండ్లు తెల్వలే. తెలిసేటాల్లకు ఆయన లేడు, ఆ తాలీం గూడ లేదు." ఆయన మొదటిసారి తల ఎత్తారు. "నేర్పుడు వేరు టీచరమ్మా, పడుడు వేరు. పూరా గానోడు ఇంకొకన్ని పూరా అయినవని ఎట్ల జెప్తడు? క్రేను టెస్టు చెయ్యకుండ పాసని సంతకం పెట్టినట్టు. నేను సుమేరా చేతుల పడితె అది అబద్ధమైతది. ఆ పిల్లకు నేను అబద్ధం ఇయ్య."

గుమ్మంలో సుమేరా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, చేతిలో మడత పెడుతున్న బట్టలు అలాగే ఉన్నాయి.

"గీ ముచ్చట నాకెందుకు జెప్పలే అబ్బా?"

"ఏమని జెప్పాలె బిడ్డా? నీ బాప్ ఇంక శాగిర్దే అని జెప్పాల్నా?"

ఇన్నాళ్ళూ నన్ను తొలిచిన ప్రశ్నకి జవాబు దొరికింది. దొరికితే సంతోషం కలగాలి, లేదా ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఆ ముసలాయన మీద కాదు, యుద్ధం మీద కూడా కాదు, అదంతా నా చేతికందేది కాదు. ఎదురుగా కూర్చున్న ఈ మొండి మనిషి మీద వచ్చింది.

"అయితే ఈ లోకంలో మీకు గురువు ఒక్కరేనా? మరి నేనెవర్ని?"

ఆయనకి అర్థం కాలేదు.

"ఇన్నాళ్ళూ పలక పట్టించి దిద్దించాను. నన్నేమని పిలుస్తారు మీరు?"

"టీచరమ్మ."

"జమీలా, ఇంట్లో తెలుగు పేపరుందా?"

జమీలా పరుగున వెళ్ళి పేపరు తెచ్చింది. నేను ఎవరికీ ఊరికే మార్కులు వేసే మనిషిని కాదు, ఆ సంగతి నా దగ్గర చదివినవాళ్ళందరికీ తెలుసు. లోపలి పేజీలో సన్న అక్షరాల వార్త చూపించి చదవమన్నాను. మేడ్చల్ మార్కెట్లో టమాట ధర పడిపోయిందనీ రైతులు రోడ్డు మీద పారబోశారనీ వార్త. ఆయన మోకాళ్ళ మీద పేపరు పెట్టుకుని మొదలుపెట్టారు. మొదట వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివారు. పోను పోను నిలకడగా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, కింద దాకా చదివారు. ఎక్కడా తప్పు పోలేదు.

"పాస్," అన్నాను. "నా దగ్గర మీరు నేర్చుకోవాల్సింది అయిపోయింది. లేవండి."

అప్పటికి అర్థమైంది ఆయనకి. రెండడుగులు వెనక్కి వేశారు. "గదెట్ల? మీరు చదువు నేర్పిన్రు, జూడో గాదు. మీరు పెద్దోళ్ళు. నేను మిమ్మల్ని… వద్దు టీచరమ్మా."

"ఒక్క హర్ఫ్, గదే ఒక్క అక్షరం, నేర్పినోళ్ళకు జిందగంత గులామైతరని మన పెద్దలు అంటరు గదా," అంది జమీలా. నెమ్మదిగానే అంది. "అక్క నీకు యాభై ఆరు నేర్పింది."

"సీతా! చెయ్యి!" అని మా ఆయన లేచారు. ఆ రెండు మాటల్లోనూ ఆయన ప్రాణం ఎక్కడుందో తెలిసింది నాకు. "కూర్చోండి," అన్నాను. కూర్చున్నారు. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నారు.

సుమేరా బట్టలు చంకలో ఇరికించుకునే వచ్చి నా కొంగు బొడ్లో దోపి, మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది. చెప్పులు విప్పి షెడ్డులో మ్యాట్ మీదికి వెళ్ళాను. పైకి అంత గట్టిగా మాట్లాడానే గానీ లోపల భయమే. ఇంతవరకూ నా అంతట నేను ఒరగడమే, ఒకరి చేతికి నన్ను ఇవ్వలేదు. అతికిన మణికట్టు అప్పుడే లబలబలాడుతోంది. ఇప్పుడు విరిగితే? ఈసారి తుంటి అయితే? ఈ వయసులో మంచం పడితే లేపేదెవరు? ఇవన్నీ అనిపించాయి. అనిపించలేదని చెబితే అబద్ధం.

అదీబ్ సార్ ఎదురుగా వచ్చి నా భుజం దగ్గరా చేతి దగ్గరా పట్టుకున్నారు. పాదంతో నా పాదాన్ని తప్పించి, పడుతుండగానే రెండు చేతులతో ఎత్తిపట్టి, పసిపిల్లని పక్కమీద పెట్టినట్టు మెల్లగా దించారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి కూర్చున్నాను. "ఇది పడేయడమా? క్రేనుతో దించినట్టుంది. దీనికి నేను సంతకం పెట్టను. మళ్ళీ!"

సుమేరా కిసుక్కున నవ్వింది. ఆ వారంలో ఆ పిల్ల నవ్వడం అదే మొదలని తర్వాత జమీలా చెప్పింది.

మళ్ళీ నిలబడ్డాను. ఈసారి ఆయన కళ్ళు మారాయి. మా హాల్లో పిల్లల ముందు నిలబడేటప్పటి కళ్ళు అవి. నా కాలు ఎప్పుడు పోయిందో తెలియలేదు. నేల లేదు. ఆ క్షణంలో నా చెయ్యి కిందికి వెళ్ళబోయింది, పాత అలవాటు. వెళ్ళనివ్వలేదు. గడ్డం రొమ్ముకి ఆనింది, వీపు గుండ్రమైంది, చెయ్యంతా చాచి మ్యాట్‌ని కొట్టాను. టపా అని మోగింది షెడ్డంతా. పైన రేకులు కనిపించాయి. వేళ్ళు కదిపాను. అన్నీ కదిలాయి. మా ఆయన మంచం దగ్గర్నుంచి "సీతా?" అని పిలిచారు. "ఉన్నాను," అన్నాను.

నేనే లేచాను. ఎవర్నీ పట్టుకోలేదు. బస్రాలో ఆ పెద్దాయన ఏ మాట అనేవాడో నాకు తెలియదు, నాకు తోచింది నేనన్నాను. "అదీబ్ గారూ, ఇక మీరు శిష్యులు కారు."

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. తల ఎత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. గుమ్మం వైపు తిరిగారు.

"రా బిడ్డా," అన్నారు.

సుమేరా చేతిలో బట్టలు ఎక్కడ వదిలేసిందో. మ్యాట్ మీదికి వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడి వంగి నమస్కరించింది. కాలరు పట్టుకుంది. ఆయన ఈసారి పక్కకి జరగలేదు. ఊరికే ఒప్పుకోనూ లేదు. నిజంగానే పెనుగులాడారు. ఆ పిల్ల ఆయన్ని ఇటు లాగి అటు తోసి, చటుక్కున తిరిగి, అంత మనిషినీ వీపు మీదికి ఎత్తుకుని విసిరేసింది. రేకులు అదిరాయి. జామచెట్ల మీద పిట్టలు లేచిపోయాయి.

అదీబ్ సార్ వెల్లకిలా పడి ఉన్నారు. కదల్లేదు. సుమేరా కంగారుగా వంగి చెయ్యి అందించింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నారు గానీ లేవలేదు.

"జర ఉండనీ బిడ్డా," అన్నారు కళ్ళు మూసుకునే. "నన్నెవలన్న పడగొట్టి మస్తు ఏండ్లాయె."

సుమేరా ఆయన పక్కనే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. టీ చల్లారిపోతోందని జమీలా రెండుసార్లు పిలిచింది గానీ మాలో ఎవరమూ లేవలేదు.